నాలుక తిరగకపోతే ఏం చేయాలి?

పేరెంట్స్ మీటింగులో ఇంగ్లీషు టీచర్ ముందు కూర్చున్నప్పుడు మార్కుల సంగతి తొందరగానే అయిపోతుంది. తర్వాత అసలు మాట వస్తుంది. "మావాడికి గ్రామర్ వచ్చు మేడమ్, రాయమంటే పేజీలు పేజీలు రాస్తాడు. నోరు తెరిస్తేనే ఆ పలుకు రావట్లేదు" అంటారు. ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గిస్తారు. పక్కన నిలబడ్డ పిల్లవాడు తల దించుకుంటాడు. ఇంగ్లీషు పాఠం చెప్పుకునే నాకు ఇది బాగా అలవాటైన దృశ్యం. తల దించుకున్న ఆ పిల్లల కోసం, వాళ్లకన్నా ఎక్కువగా కుంగిపోయే వాళ్ల అమ్మానాన్నల కోసం నాకు తెలిసింది చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక భయం తీసేస్తాను. మీ పిల్లల నాలుకలో లోపం లేదు. పరాయి భాష పలకడంలో వచ్చే ఇబ్బంది నాలుక కన్నా ముందు చెవిలో మొదలవుతుంది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలో పెరుగుతున్న పసిపిల్లలకు హిందీలోని త, ట ధ్వనులు వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ రెంటికీ తేడా గుర్తుపట్టారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామంది గుర్తుపట్టలేకపోయారు. ఇంట్లో వినే భాషకు ఆ తేడాతో పని లేదు కనుక చెవి దాన్ని పట్టించుకోవడం మానేసింది. మన పిల్లలకు త, ట తేడా ఎప్పటికీ పోదు, మన భాషకు అది కావాలి. కానీ ఇంగ్లీషులో ఉన్న రెండు రకాల 'వ'ల విషయంలో మన పసివాడి చెవి కూడా ఆ కెనడా పిల్లల చెవి చేసిన పనే చేస్తుంది. తెలుగుకు ఒక్క వ చాలు. పదేళ్లు వచ్చాక వాడిని కూర్చోబెట్టి ఆ రెండూ వేర్వేరుగా పలకమంటే, వాడికి వినబడని తేడాను పలకమంటున్నామన్నమాట. ఎంత గద్దించినా అది రాదు. ముందు వినబడాలి.

రెండో కారణం మన లిపి. తెలుగులో ఏది రాస్తే దాదాపు అదే చదువుతాం. ఒకసారి గుణింతాలు, ఒత్తులు వచ్చేశాయంటే పిల్లలు ఏ పుస్తకమైనా చదివేస్తారు. అదే నమ్మకంతో ఇంగ్లీషు పుస్తకం తెరుస్తారు. అప్పు అనే అర్థమున్న 'డెట్'లో బి అక్షరం కనబడుతుంది, 'డెబ్ట్' అంటారు. ఆ బి ఇంగ్లీషువాళ్లు ఎప్పుడూ పలకలేదు. లాటిన్ మూలం కనబడాలని 16వ శతాబ్దంలో పండితులు తెచ్చి చేర్చిన అక్షరమది. 'రిసీట్'లో పి, 'వెన్స్‌డే'లో డి, 'ప్లమర్'లో బి, అన్నీ ఇలాంటి ఇబ్బందులే. మన పిల్లల్లో ఎక్కువమంది ఇంగ్లీషును చెవితో కాకుండా కంటితో నేర్చుకుంటున్నారు. ఇంట్లో ఎవరూ మాట్లాడరు, బడిలో టీచర్ పాఠం చదివి అర్థం తెలుగులో చెబుతారు. కంటితో నేర్చిన పదాన్ని కంటికి కనబడినట్టే పలకడంలో పిల్లల తప్పేమీ లేదు.

ఈ దిగులు మన ఒక్కరిదే అనుకోకండి. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు ర, ల ధ్వనులు సరిగ్గా పలకాలని కొందరు తల్లిదండ్రులు పసిపిల్లల నాలుక కింద పొరను ఆపరేషన్ చేయించి కోయించారని 2000 దశకం తొలి ఏళ్లలో వార్తలొచ్చాయి. అక్కడి జాతీయ మానవ హక్కుల కమిషన్ 2003లో తీయించిన లఘుచిత్రాల సంకలనంలో ఒక చిత్రం ఈ విషయం మీదే ఉంది. కొరియా దంపతులకు అమెరికాలో పుట్టిన పిల్లలు ఏ ఆపరేషనూ లేకుండా ఆ ధ్వనులు పలుకుతున్నారు కదా! నాలుక అదే, విన్నది వేరు. పిల్లల మేలు కోరే తల్లిదండ్రులు కూడా ఆందోళనలో ఎంత దూరం వెళ్లగలరో గుర్తు చేయడానికే ఇది చెప్పాను. మన దగ్గర అంత దూరం వెళ్లేవాళ్లు లేకపోవచ్చు. నలుగురిలో పిల్లవాడి పలుకును వెక్కిరించేవాళ్లు మాత్రం చాలా ఇళ్లలో ఉన్నారు. ఆ దెబ్బ కూడా తక్కువదేమీ కాదు.

ఇప్పుడు ముఖ్యమైన విషయానికి వస్తాను. యాస వేరు, ఎదుటివాళ్లకు అర్థం కావడం వేరు. ఈ రెంటినీ మనం ఒకటిగా కలిపేసుకుని బాధపడుతున్నాం. ముర్రే మన్రో, ట్రేసీ డెర్వింగ్ అనే కెనడా పరిశోధకులు 1995లో దీన్ని కొలిచి చూశారు. యాస బాగా బలంగా ఉందని శ్రోతలు చెప్పిన మాటలు కూడా చాలాసార్లు వాళ్లకు పూర్తిగా అర్థమయ్యాయి. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. ఆయన ప్రసంగాల రికార్డింగులు దొరుకుతాయి, పిల్లలతో కలిసి వినండి. పలుకు దక్షిణాదిదే, దాన్ని ఆయన దాచుకోలేదు. మాట స్పష్టంగా ఉంటుంది, ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద బలం వేయాలో ఆయనకు తెలుసు. పోలండ్ నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటాక ఇంగ్లీషు నేర్చుకున్న జోసెఫ్ కాన్రాడ్ ఆ భాషలో గొప్ప నవలాకారుడయ్యాడు, మాట్లాడితే మాత్రం చివరిదాకా పోలిష్ యాసే. హెన్రీ కిసింజర్ పదిహేనో ఏట, 1938లో, జర్మనీ నుంచి కుటుంబంతో అమెరికా చేరాడు. ఆ దేశానికి విదేశాంగ మంత్రి అయ్యాక కూడా జర్మన్ పలుకు ఆయన్ని వదల్లేదు. ఆయన కన్నా ఏడాది చిన్నవాడైన తమ్ముడికి ఆ యాస అంతగా లేదు. ఒకే ఇల్లు, ఒకే ప్రయాణం, దాదాపు ఒకే వయసు. అందుకే "వాళ్ల అమ్మాయి చూడు, ఎంత బాగా పలుకుతుందో" అనే పోలిక మానేయమని బతిమాలుతున్నాను. ఒకే తల్లి పిల్లల్లోనే ఇంత తేడా ఉంటే, పక్కింటి పిల్లతో పోల్చి ఏం తెలుసుకుంటాం?

అంటే అన్నీ వదిలేయమని కాదు. కొన్ని తప్పులు నిజంగా అర్థాన్ని చెడగొడతాయి. వాటిని దిద్దాలి. ఏవి దిద్దాలో తెలిస్తే మిగతావాటి మీద మీకూ పిల్లలకూ శ్రమ తగ్గుతుంది.

నా అనుభవంలో అన్నిటికన్నా పెద్దది నొక్కు. తెలుగులో ప్రతి అక్షరానికీ దాదాపు సమానమైన బలం ఇస్తాం. మన పద్యం లఘువు, గురువుల లెక్క మీద నడుస్తుంది, అంటే ఎంతసేపు పలికామన్నదే కొలత. ఇంగ్లీషు పద్యం ఎక్కడ నొక్కాం, ఎక్కడ వదిలాం అన్న లెక్క మీద నడుస్తుంది. మాట కూడా అంతే. ఒక పదంలో ఒక ముక్కను గట్టిగా పట్టుకుని, మిగతావాటిని మెత్తగా జార్చేస్తారు. 'ఫోటోగ్రాఫ్' అన్నప్పుడు బలం మొదటి ముక్క మీద. అదే 'ఫొటాగ్రఫీ' అయితే రెండో ముక్కకు, 'ఫోటోగ్రాఫిక్' అయితే మూడో ముక్కకు జరుగుతుంది. 'ప్రెజెంట్' అంటే బహుమతి అనుకోవాలంటే మొదట నొక్కాలి, సమర్పించడం అనుకోవాలంటే చివర నొక్కాలి. మనం 'హోటల్' అని మొదట నొక్కుతాం, వాళ్లు 'హొటెల్' అని చివర నొక్కుతారు. మన 'డెవలప్' వాళ్ల నోట 'డివెలప్', రెండో ముక్క మీద బలం. 'కంఫర్టబుల్' అనే మాటలో చివర టేబుల్ లేదు. మొదటి ముక్క నొక్కి మిగతాది 'కంఫ్‌టబుల్' అని జార్చేయడమే. హైదరాబాద్‌లో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ మొదలైంది, ఇప్పుడు దాన్నే ఇఫ్లూ అంటున్నాం. అక్కడ పనిచేసిన ఆర్.కె. బన్సాల్ భారతీయుల ఇంగ్లీషు బయటివాళ్లకు ఎంతవరకు అర్థమవుతోందో పరీక్షించి 1969లో పుస్తకం ప్రచురించారు. అర్థం కాకపోవడానికి ఆయన చూపిన ముఖ్య కారణాల్లో నొక్కు తప్పు చోట పడటం ఒకటి. అయినా మన బళ్లలో దీని మీద దృష్టి పెట్టేవాళ్లు ఇప్పటికీ తక్కువే. అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులు చూసి ఫీజు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: పదాల్లో నొక్కు ఎక్కడ పడాలో చెబుతారా అని. జవాబులో తడబాటు కనబడితే ఇంకోచోటు చూసుకోవచ్చు.

నిఘంటువులో నొక్కు పడే ముక్కకు ముందు పైన ఒక చిన్న నిలువు గీత ఉంటుంది. ఐదో తరగతి పిల్లలకు ఐదు నిమిషాల్లో అర్థమయ్యే విషయం అది. ఆ గీత చూడటం అలవాటైతే సగం పని అయినట్టే. చిన్నపిల్లలకైతే చప్పట్లు చాలు. బలం పడే ముక్క దగ్గర గట్టిగా, మిగతాచోట్ల మెల్లగా కొట్టమనండి. నా క్లాసులో దీన్ని మించిన ఇష్టమైన ఆట లేదు.

రెండోది అచ్చుల నిడివి. ఇందులో తెలుగు పిల్లలకు పుట్టుకతోనే మేలు ఉంది. కల, కాల తేడా తెలిసిన చెవికి 'షిప్', 'షీప్' తేడా పట్టడం కష్టం కాదు. చిక్కల్లా స్పెల్లింగులో ఆ తేడా కనబడకపోవడం. 'నేను గుంటూరులో ఉంటాను' అనాల్సిన చోట 'ఐ లీవ్ ఇన్ గుంటూర్' అంటే ఊరు వదిలి వెళ్తున్నట్టు వినబడుతుంది, 'లివ్' అనాలి. దీన్ని ఒకసారి విడమరిచి చెబితే పిల్లలు మరిచిపోరు. ఎందుకంటే అది వాళ్ల భాషలో ఉన్న లెక్కే.

మిగతావి చిన్నవే గానీ కొన్నిటికి సులువైన ఉపాయాలున్నాయి. మనం ఎ, ఒ లతో మాట మొదలుపెట్టేటప్పుడు తెలియకుండానే యె, వొ అనేస్తాం. ఎమ్మెల్యేని యెమ్మెల్యే అంటాం, తెలుగులో అది తప్పు కాదు. ఇంగ్లీషులో 'ఎగ్' కాస్తా 'యెగ్' అవుతుంది, 'ఓల్డ్' కాస్తా 'వోల్డ్' అవుతుంది. ముందు 'అన్' చేర్చి కలిపి పలికించండి. 'అనెగ్', 'అనోల్డ్ మ్యాన్' అన్నప్పుడు ఆ య, వ దూరడానికి చోటుండదు. పది రోజులు అలా పలికాక 'అన్' తీసేసినా నోరు దారి మరవదు. పదం చివర ఉకారం చేర్చడం ఇంకో అలవాటు. బస్సు, బుక్కు, రోడ్డు అన్నవి తెలుగులో చక్కటి తెలుగు మాటలు, వాటిని అలాగే అననివ్వండి. నానమ్మ బస్సు అంటే మనవడు దిద్దే పరిస్థితి తేవద్దు. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం తర్వాతి మాటతో కలిపి చదివిస్తే ఆ ఉకారం పోతుంది: 'బుక్ ఈజ్' అని విడివిడిగా కాకుండా 'బుకిజ్' అని ఒక్క ఊపిరిలో.

జంట అక్షరాల సంగతి నాకు ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. తెలుగులో అమ్మ అనాలంటే మ రెండుసార్లు నిలబడాలి. అందుకని ఇంగ్లీషు స్పెల్లింగులో రెండు ఎమ్‌లు, రెండు పీలు, రెండు ఎన్‌లు కనబడితే మన పిల్లలు 'సమ్మర్', 'హ్యాప్పీ', 'డిన్నర్' అని ఒత్తి పలుకుతారు. ఇంగ్లీషులో అవి ఒకటే అక్షరంగా తేలిగ్గా పలకాలి. ఈ ఒక్కటి మారితే పలుకు ఎంత తేలికపడుతుందో వింటేనే తెలుస్తుంది.

రెండు 'వ'ల సంగతికి అద్దం కావాలి. తడి అనే అర్థమున్న 'వెట్', పశువుల డాక్టర్ అనే అర్థమున్న 'వెట్' తెలుగులో రాస్తే రెండూ ఒకటే, చూడండి! మొదటిదానికి పెదాలు ఊ అన్నట్టు గుండ్రంగా చుట్టి 'ఉఎట్' అని వదలాలి, పళ్లు పెదవికి తగలకూడదు. రెండోదానికి పై పళ్లు కింది పెదవిని తాకాలి. అద్దంలో తన పెదాలు తనే చూసుకున్న పిల్లకు నాలుగు రోజుల్లో వస్తుంది. 'జీరో', 'జూ', 'ఈజ్' లలోని జ కోసం పిల్లలను 'స్స్స్' అని లాగమనండి, లాగుతూనే గొంతు కలపమనండి. గొంతు మీద వేలు పెట్టుకుంటే అదురు తెలుస్తుంది. మన 'జడ'లో, 'జొన్న'లో ఉన్న జ దానికి దగ్గర, 'జీవితం'లో ఉన్న జ దూరం. ఇంగ్లీషు కోసమని చెప్పి తెలుగులో ఇన్నాళ్లూ గమనించని రెండు జ లను పిల్లలు కనిపెట్టేస్తారు. ఆ ముఖాల్లో వెలుగు చూడాలంటే ఈ పాఠం చెప్పాల్సిందే.

ఇక వదిలేయాల్సినవి. 'థింక్', 'దిస్' లాంటి మాటల్లో నాలుక చివర పళ్ల మధ్య పెట్టి గాలి వదలమని కొన్ని బళ్లలో పిల్లలను వేధిస్తారు. ఐర్లండ్‌లో పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు చాలామంది దాన్ని మన థ, ద లకు దగ్గరగానే పలుకుతారు. జెన్నిఫర్ జెంకిన్స్ అనే బ్రిటన్ భాషావేత్త వేర్వేరు దేశాలవాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు అపార్థాలు ఎక్కడ వస్తున్నాయో చూసి 2000లో ఒక పుస్తకం రాశారు. ఈ ధ్వని సరిగ్గా రాకపోయినా సంభాషణకు ఇబ్బంది లేదని, అచ్చుల నిడివి, వాక్యంలో ముఖ్యమైన మాట మీద నొక్కు మాత్రం తప్పనిసరి అని అందులో తేల్చారు. అలాగే 'కార్', 'పార్క్' లలో ర వినబడటం తప్పు కాదు, అమెరికాలో ఎక్కువమందికి వినబడుతుంది. మన ట, డ లు ఇంగ్లీషు టీ, డీ ల కన్నా నాలుక ఎక్కువ మడిచి పలుకుతాం, అది మన యాస, ఉండనివ్వండి. మీ అబ్బాయి ఫోన్‌లో కార్టూన్లు చూసి 'వాటర్'ని 'వాడర్' అంటున్నాడని మురిసిపోవక్కర్లేదు, మందలించనూ అక్కర్లేదు.

ఫోన్ అన్నాను కాబట్టి ఒక మాట. రెండేళ్ల పిల్లకు ఇంగ్లీషు పలుకు రావాలని రైమ్స్ వీడియోల ముందు గంటలకొద్దీ కూర్చోబెట్టే తల్లులున్నారు. సియాటిల్‌లో పాట్రీషియా కూల్ బృందం 2003లో ఒక ప్రయోగం ఫలితాలు వెల్లడించింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల దగ్గర చైనీస్ మాట్లాడే మనుషులు కూర్చుని, బొమ్మలు చూపిస్తూ, పుస్తకాలు చదువుతూ పన్నెండు సార్లు ఆడించారు. ఆ పిల్లలు చైనీస్ ధ్వనుల తేడా పట్టేశారు. అదే మనుషులను, అవే మాటలను తెర మీద చూపించిన పిల్లలకు ఏమీ అంటలేదు. పసివాళ్లు నేర్చేది ఎదురుగా ఉన్న మనిషి నుంచి. కనుక ఆ వయసులో మీరు మీ తెలుగులో మాట్లాడటం, పాడటం, కథ చెప్పడమే వాళ్ల చెవికి మంచిది.

బడికి వెళ్లే పిల్లల సంగతి వేరు. మనసు పెట్టి వింటే వాళ్లకు రికార్డింగులు బాగా పనికొస్తాయి. జపాన్ పెద్దవాళ్లకు ఇంగ్లీషు ర, ల తేడా నేర్పేందుకు అమెరికాలో 1990లలో జరిగిన ప్రయోగాల్లో, ఒకే గొంతు కాకుండా చాలామంది గొంతుల్లో ఆ మాటలు వినిపించినప్పుడు కొత్త గొంతుల్లోనూ తేడా పట్టగలిగారు. వినికిడికి మాత్రమే శిక్షణ ఇచ్చినా పలుకు కూడా మెరుగుపడింది. మన ఇంట్లో దీన్ని చేయడం కష్టం కాదు. ఈ వారం 'లివ్', 'లీవ్' అనుకోండి. ఫోన్‌లోని నిఘంటువులో స్పీకర్ బొమ్మ నొక్కితే మాట వినబడుతుంది. రెండు మూడు నిఘంటువులు మార్చి, బ్రిటిష్, అమెరికన్ గొంతులు రెండూ వినండి. ఏ మాట విన్నావో చెప్పమని పిల్లను అడగండి, పలకమని అప్పుడే అడగొద్దు. తేడా తడబడకుండా చెబుతున్నప్పుడు పలికించండి. తర్వాత ఆ పిల్ల గొంతు రికార్డు చేసి తనకే వినిపించండి. తప్పు తనే పట్టుకుంటుంది, మీరు చెప్పాల్సిన పని ఉండదు. రోజుకు పది నిమిషాలు మించొద్దు. వారానికి ఒక్క ధ్వని చాలు.

మాట్లాడుతుండగా మధ్యలో ఆపి దిద్దడం మాత్రం దయచేసి మానేయండి. పిల్లవాడు బడిలో జరిగిన గొడవ ఇంగ్లీషులో చెబుతున్నాడు, మీరు 'వోన్లీ కాదురా, ఓన్లీ' అన్నారు. గొడవ ఆగిపోయింది, కథ ఆగిపోయింది, రేపు వాడు చెప్పడు. దానికి బదులు మీ జవాబులో ఆ మాట సరిగ్గా వచ్చేలా చూసుకోండి. వాడు 'ఐ లీవ్ ఇన్ గుంటూర్' అంటే, 'ఓహో, యు లివ్ ఇన్ గుంటూర్, ఏ వీధి?' అని ముందుకు సాగండి. వాడి చెవికి అందాల్సింది అందుతుంది, పరువు పోదు. బంధువులు వచ్చినప్పుడు "అంకుల్‌కి ఇంగ్లీషులో చెప్పమ్మా" అని నిలబెట్టడం కూడా వద్దు. చుట్టాల ముందు ఒకసారి నవ్వులపాలైన పిల్ల ఇంటర్ దాకా క్లాసులో నోరు తెరవకపోవడం నేను చూశాను. ఆ పిల్లకు ఇంగ్లీషు వచ్చు. నవ్వుతారన్న భయమే ఆ పిల్ల గొంతు పట్టుకుంది.

"మాకే ఇంగ్లీషు రాదు, మేమేం చేస్తాం?" అని చాలామంది అడుగుతారు. పొలం పనులు చేసుకుంటూ, కూలీకి వెళుతూ, చిన్న దుకాణం నడుపుకుంటూ పిల్లలను ఇంగ్లీషు మీడియంలో వేసిన వాళ్లు ఈ ప్రశ్న అడిగినప్పుడు నాకు వాళ్లమీద గౌరవం పెరుగుతుంది. మీరు చేయగలిగింది ఇంకెవరూ చేయలేరు. రాత్రి అన్నాలయ్యాక పిల్లను ఒక పేజీ బిగ్గరగా చదవమనండి. చెయ్యి ఖాళీగా పెట్టుకుని ఎదురుగా కూర్చుని వినండి. అయ్యాక అందులో ఏముందో తెలుగులో చెప్పమనండి. చదివేటప్పుడు మీకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, గొణుగుతోందో గట్టిగా చదువుతోందో, ఆగాల్సిన చోట ఆగుతోందో లేదో మీకు తెలుస్తుంది. అంతకు మించి మీ నుంచి ఏమీ అక్కర్లేదు. పిల్లల పలుకు కోసమని మీకు రాని ఇంగ్లీషులో వాళ్లతో మాట్లాడటానికి కష్టపడకండి. మీ తెలుగులో ఉన్న నుడికారం, సామెత, చమత్కారం వాళ్లకు ఇవ్వండి. మాట మీద ప్రేమ ఒక భాషలో కలిగితే ఇంకో భాషలోకి వెంట వస్తుంది.

ఇదే కథ తిరగబడి అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన ఇళ్లలో నడుస్తోంది. అక్కడ పుట్టిన పిల్లలకు తెలుగే పరాయి భాష. ఇంగ్లీషు టీ ధ్వని మన త కాదు, ట కూడా కాదు, రెంటికీ మధ్యన ఉంటుంది. అందుకే సెలవులకు వచ్చిన మనవరాలు 'టాటయ్యా' అంటుంది. ళ నోటికి పలకదు కనుక కళ్లు నొప్పి అనబోయి 'కల్లు నొప్పి' అంటుంది. ఇల్లంతా ఘొల్లుమంటుంది. ఆ నవ్వులో ప్రేమే ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఆ పిల్లకు అది తెలియదు. మర్నాటి నుంచి ఇంగ్లీషులోనే జవాబిస్తుంది, "మా మనవరాలికి తెలుగు రాదు" అని తాతగారు బాధపడతారు. ఆ పిల్ల దగ్గర మీరు తెలుగు మాట్లాడుతూనే ఉండండి, జవాబు ఏ భాషలో వచ్చినా సరే. అమెరికాలో 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో, చిన్నప్పుడు ఇంట్లో స్పానిష్ వింటూ పెరిగి, మాట్లాడకుండానే పెద్దయి, కాలేజీలో ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లను పరీక్షించారు. వ్యాకరణంలో వాళ్లు మిగతా విద్యార్థులతో సమానమే. ఉచ్చారణలో మాత్రం ముందున్నారు. చిన్నప్పుడు చెవిన పడిన మాట వృథా కాలేదు. వీడియో కాల్‌లో అమ్మమ్మ చెప్పే కథ, అర్థమైనా కాకపోయినా, అందుకే ఆపొద్దు.

చివరగా, యాసకు సంబంధం లేని ఇబ్బందులు కొన్ని ఉంటాయి, వాటిని గుర్తుపట్టడం ముఖ్యం. మీ పిల్లకు ఇంగ్లీషులోనే కాకుండా తెలుగులో కూడా మాట తేడాగా వస్తోందా? ఐదేళ్లు దాటాక కూడా కాకిని 'తాతి' అంటోందా, ఏడెనిమిదేళ్లకు కూడా ర పలకడం లేదా, మాట మొదలుపెట్టడానికి నత్తి అడ్డొస్తోందా, మాట ముక్కులోంచి వస్తోందా, పిలిస్తే రెండోసారికి గానీ పలకడం లేదా? ఇందులో ఏది ఉన్నా అది ఇంగ్లీషు సమస్య కాదు. ట్యూషన్లతో పోదు, వస కొమ్ము నాలుకకు రాస్తే పోదు, పెద్దయితే అదే పోతుందని ఎదురుచూడటమూ మంచిది కాదు. ముందు వినికిడి పరీక్ష చేయించండి, తర్వాత స్పీచ్ థెరపిస్ట్‌ను కలవండి. మైసూరులో 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, సికింద్రాబాద్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ప్రభుత్వానివి. నాలుక కింద పొర గురించి ఎవరేం చెప్పినా, డాక్టర్ పరీక్షించి అవసరమంటేనే దాని జోలికి వెళ్లండి. కొత్త చోట పిల్లలు నోరు విప్పరు. ఇంట్లో తెలుగులో మామూలుగా మాట్లాడుతున్నప్పుడు నాలుగైదు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి, అది వెంట తీసుకెళ్లండి.